షుగర్ వేయని బత్తాయి జ్యూసే కదా అంటున్నాడు నాన్న, మరి 8.6 ఎలా వచ్చింది?

రామంతాపూర్_అమ్మాయి
మా నాన్నకి 64. షుగర్ వచ్చి 11 ఏళ్లు. మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, పొద్దున గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. ఇన్నాళ్లూ మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బిఎ1సి పరీక్ష) 7.1, 7.3 దగ్గరే ఉండేది. మొన్న చేయిస్తే 8.6. డాక్టరు గారు గ్లిమిపిరైడ్ 2కి పెంచి "ఏం మారింది?" అని అడిగారు. ఏమీ మారలేదన్నాడు నాన్న. స్వీట్లు ముట్టడు. టీలో చక్కెర మానేసి ఏడేళ్లు. పెళ్లిళ్లలో జిలేబీ వైపు కూడా చూడడు.

ఆలోచిస్తే మారింది ఒక్కటే. ఫిబ్రవరి నుంచి పార్కుకి వాకింగ్‌కి వెళ్తున్నాడు. గేటు బయట బండి దగ్గర పెద్ద గ్లాసుతో బత్తాయి జ్యూస్, "షుగర్ వేయొద్దు" అని చెప్పి మరీ తాగుతాడు. సాయంత్రం మనవడిని ట్యూషన్ నుంచి తీసుకొస్తూ చెరకు రసం. "చక్కెర వేయలేదు కదమ్మా, దేవుడిచ్చిన పండే కదా" అంటాడు. నిన్న జ్యూస్ తాగొచ్చాక, మరో బత్తాయి తనే ఒలిచి పిల్లాడికి పెట్టాడు. గంట తర్వాత మిషన్‌తో చూస్తే 311! పండులో ఉన్న చక్కెర ఇంత పెంచుతుందా, మిషన్ పాడైందా? నాన్నకి ఎలా చెప్పాలి?

కాపీ_కలం
బత్తాయి సంగతి తర్వాత చూద్దాం. చెరకు రసాన్ని మరిగిస్తేనే బెల్లం, శుద్ధి చేస్తేనే చక్కెర. అందులో చక్కెర వేయలేదంటే ఏమిటి అర్థం?

పాలమూరు_బిడ్డ
మా బాపు గూడ గిట్లనే అంటుండె. చాయ్‌ల చక్కెర వద్దంటడు, గన్నా జ్యూస్ మాత్రం రెండు గ్లాసులు. అడిగితే "అది చలువ చేస్తది బిడ్డా" అంటడు. ఎండల బస్సు దిగినోళ్లకి ఆ బండి గంట చప్పుడు ఇనబడితె ఆగుడు కష్టమే.

ల్యాబ్_కోటు
311 మీద ఒక ప్రశ్న. బత్తాయి ఒలిచాక నాన్నగారు సబ్బుతో చేతులు కడిగారా? పండు ఒలిచిన చేతికి రసం అంటుకుని ఉంటుంది. కంటికి కనబడదు, ఆరిపోతుంది. సూది గుచ్చగానే బొట్టు దానితో కలుస్తుంది. బొట్టు ఎంత చిన్నదో తెలుసు కదా, అందులో పిసరంత పండ్ల రసం కలిసినా అంకె ఎక్కడికో వెళ్తుంది. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిస్తే చాలదు. నీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, అప్పుడు గుచ్చాలి. మామిడి సీజన్లో మా దగ్గరికి ఇలాంటి కంగారు ఫోన్లు చాలా వస్తాయి.

రామంతాపూర్_అమ్మాయి
అయ్యో, కడగలేదు! స్పిరిట్ దూదితో తుడిచామంతే. రేపు కడిగించి చూస్తాను.

ప్రకృతి_బాట
అందరూ ఆ పెద్దాయన్ని భయపెట్టేస్తున్నారు. పండ్ల చక్కెర వేరు, ఫ్యాక్టరీ చక్కెర వేరు. పండులో ఉండే ఫ్రక్టోజ్ రక్తంలో గ్లూకోజ్‌ని అంతగా పెంచదు, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. నాకు ఆరేళ్లుగా షుగర్. రోజూ ఉదయం ఇంట్లో తీసిన యాపిల్ జ్యూస్ తాగుతాను, వారానికి రెండుసార్లు తేనె నిమ్మరసం. పరగడుపున నాది 112. మాత్రలు తగ్గించుకుంటూ వస్తున్నాను. విటమిన్లున్న పండ్ల రసం మానిపించి మాత్రలు పెంచడం ఏం న్యాయం?

పెన్ను_సూది_22
ప్రకృతి బాట గారూ, పరగడుపు అంకె రాత్రి సంగతి చెబుతుంది. పొద్దున తాగబోయే జ్యూస్ సంగతి అది చెప్పదు కదా. తాగిన గంటకి ఎప్పుడైనా చూసుకున్నారా? డాక్టరుకి చెప్పకుండా మాత్రలు తగ్గించకండి, దండం పెడతాను.

డైట్_గది
నేను 14 ఏళ్లుగా షుగర్ రోగులకి ఆహారం చెబుతున్నాను. కాస్త పొడవుగానే రాస్తాను, ఎందుకంటే వారంలో సగం మంది ఇదే ప్రశ్నతో వస్తారు.

ప్రకృతి బాట గారు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. ఫ్రక్టోజ్ గ్లూకోజ్‌ని నేరుగా పెద్దగా పెంచదు. కానీ ఏ పండులోనూ ఫ్రక్టోజ్ ఒంటరిగా ఉండదు. గ్లూకోజ్ ఉంటుంది, మన వంటింటి చక్కెరలో ఉండే సుక్రోజ్ కూడా ఉంటుంది. బత్తాయి, కమలా జాతి పండ్లలో ఆ సుక్రోజే బాగా ఉంటుంది. ఇక ఫ్రక్టోజ్ ఎక్కువై లివర్ మీద పడితే అక్కడ కొవ్వుగా మారుతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరుగుతాయి. గ్లూకోమీటర్ దాన్ని చూపించదు, అంతే తేడా.

పండు మంచిది, జ్యూస్ కాదు అని ఎందుకంటాం? పండులో చక్కెర కణాల గోడల మధ్య బంధించి ఉంటుంది. నమలాలి, పొట్ట దాన్ని అరగదీయాలి, పీచు దారికి అడ్డం పడుతుంది, చక్కెర మెల్లగా దిగుతుంది. జ్యూస్‌లో ఆ పని అంతా మిషన్ చేసేసింది. పీచు పిప్పిలో పోయింది. ద్రవం పొట్టలో ఎక్కువసేపు ఆగదు. పైగా కడుపు నిండిన భావనా ఉండదు, కాసేపటికి టిఫిన్ మామూలుగానే తింటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెలో, పండ్ల రసాల్లో ఉండే చక్కెరని కూడా మనం వేసుకునే చక్కెరతోనే కలిపి లెక్కపెట్టమంది. పండుని పండుగా తింటే మాత్రం ఆ లెక్కలోకి రాదు. రోజు శక్తిలో అది 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు అంది. 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు, ఆరు చెంచాలు. 250 మి.లీ. కమలా జ్యూస్‌లోనే 20 గ్రాములకి పైగా ఉంటుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో తెచ్చిన మార్గదర్శకాలు కూడా జ్యూస్ బదులు పండే తినమన్నాయి.

కూకట్‌పల్లి_కోడలు
మరి డబ్బా జ్యూస్ మీద "100 శాతం పండ్ల రసం" అని ఉంటుంది కదా? మా మామగారు అది చూసే కొంటారు.

డైట్_గది
ఆ మాట తీసేయమని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 జూన్‌లో కంపెనీలని ఆదేశించింది. చిక్కబెట్టిన రసానికి మళ్లీ నీళ్లు కలిపి చేసినవాటికి ఆ పేరు పెట్టుకోకూడదంది. మామగారికి ముందు వైపు కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉండే పట్టిక చూపించండి. "మొత్తం చక్కెర" అనే వరుస. "కలిపిన చక్కెర 0" అని ఉన్నా మొత్తం చక్కెర 100 మి.లీ.కి 10 గ్రాములు దాకా ఉండొచ్చు. అది 100 మి.లీ.కి, డబ్బాకి కాదు. ఆ గుణకారం దగ్గరే అందరూ ఆగిపోతారు.

కాపీ_కలం
ఒక చెంచా అంటే 4 గ్రాములు అనుకుని మా ఇంట్లో ఆ డబ్బా పక్కన గిన్నెలో చక్కెర పోసి చూపించాను. మా ఆవిడ ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది. మాటలతో కానిది గిన్నెతో అయింది.

నల్గొండ_తోట
నాది బత్తాయి తోట, ఆరెకరాలు. మా కాయలు ఒకప్పుడు గడ్డిఅన్నారం మార్కెట్ పోయేటివి, ఇప్పుడు బాటసింగారం పోతున్నయి. మీరంతా బత్తాయిని తిడుతున్నరేమో అని భయమై చదివిన. డైటు మేడమ్ పండు మంచిదే అన్నది, పానం నిమ్మలమైంది.

ఒక ముచ్చట చెప్త. జ్యూస్ బండి కాడ నిలబడి చూడున్రి. కాయ తొక్క కత్తితోని చెక్కుతడు, తొన మీది తెల్ల పొర గూడ దాంతోనే పోతది. మిగిలింది మిషన్‌ల వేస్తడు, పిప్పి వెనక డబ్బాల పడుతది. పెద్ద గ్లాసు నిండాల్నంటె నాలుగు కాయలు పడతయి, కాయ చిన్నదైతే ఐదు. మేము తోటల ఎట్ల తింటమో తెలుసా, కాయను రెండు ముక్కలు గాదు, తొనలు తొనలుగ ఇప్పి, ఆ పొరతోని నములుతం. ఎండల పని చేసి వచ్చినా ఒక్క మనిషి రెండు తింటె ఎక్కువ. నాలుగు తిన్నోన్ని నేను చూడలే.

రామంతాపూర్_అమ్మాయి
మీ మాట నాన్నకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కానీ "అయితే రేపు నువ్వే చూడు" అన్నాడు.

మెహదీపట్నం_భాయ్
నాకు షుగర్ తొమ్మిదేళ్లు. ప్రతి రంజాన్‌లో ఇదే గొడవ. రోజా విప్పేటప్పుడు ఇంటి నిండా షర్బత్‌లు, పండ్ల ముక్కలు, ఖర్జూరాలు, పక్కన గంజు నిండా హలీమ్. మొదటి ఏడు ఎర్ర షర్బత్ రెండు గ్లాసులు తాగి, ఇషా నమాజ్‌కి నిలబడలేకపోయాను, తల తిరిగింది. చూసుకుంటే 340. అప్పట్నుంచి ఒక్క ఖర్జూరం, రెండు గ్లాసుల నీళ్లు, నమాజ్ తర్వాత తిండి. మా డాక్టర్ రంజాన్‌కి ముందే పిలిచి మందు వేళలు మార్చి రాసిస్తాడు. 70కి తగ్గినా, 300 దాటినా రోజా వెంటనే విప్పేయమని చెప్పాడు. సూది గుచ్చి చూసుకుంటే రోజా చెడదని కూడా మా పెద్దలు చెప్పారు. చాలామంది ఆ అనుమానంతోనే చూసుకోరు.

పాలమూరు_బిడ్డ
భాయ్, ఒక ఖర్జూరంల ఎంత ఉంటది?

డైట్_గది
పెద్ద మెత్తటి రకం ఒక్కటే 16 గ్రాముల దాకా. చిన్నవైతే తక్కువ. భాయ్ గారు ఒకటి దగ్గర ఆగడం సరైన పద్ధతి.

ఉప్పల్_ఉషోదయం
నేనూ ఒక మాట చెప్పాలి. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1,87,000 మందికి పైగా అమెరికన్ల మీద పరిశోధన వచ్చింది. వారానికి మూడుసార్లు తాగే జ్యూస్ బదులు అన్నే సార్లు పండు తిన్నవాళ్లకి షుగర్ వచ్చే అవకాశం 7 శాతం తక్కువ కనిపించింది. ద్రాక్ష, యాపిల్, బ్లూబెర్రీల దగ్గర ఆ మేలు ఎక్కువ. అయితే అది షుగర్ ఇంకా రానివాళ్ల మీద చేసింది. వచ్చినవాళ్లకి అదే లెక్క అని దాన్ని చూపించి చెప్పలేం. ఎవరో ఒకరు దాన్ని తెచ్చి పెడతారు కాబట్టి ముందే రాస్తున్నాను.

ప్రకృతి_బాట
మంచి మాట. అందుకే అంటున్నా, యాపిల్ మంచిదే.

ఉప్పల్_ఉషోదయం
యాపిల్ మంచిదే. దాని జ్యూస్ గురించి అదే పరిశోధన ఏమందో కూడా చెప్పాను కదండీ.

సీతాఫల్‌మండి_సీత
ఎవరైనా గ్లైసెమిక్ ఇండెక్స్ చెప్పండి. పుచ్చకాయకి 70 దాటుతుందని చదివి మా అమ్మ ఈ ఎండల్లో ఒక్క ముక్క ముట్టలేదు. అది తినొచ్చా లేదా?

డైట్_గది
తినొచ్చు, కొలతతో. ఆ ఇండెక్స్‌ని 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చింది. తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత వేగంగా పెంచుతుందో అది చెబుతుంది, తిన్నదాంట్లో మొత్తం చక్కెర మోత (బరువు) ఎంతో చెప్పదు. పుచ్చకాయ 100 గ్రాముల్లో చక్కెర 6 గ్రాములే, మిగతాదంతా నీళ్లు. చిన్న గిన్నెడు ముక్కలు తింటే భయం లేదు. అర కాయ ముందు పెట్టుకుని చెంచాతో తోడుకుంటే మాత్రం వేగమూ ఉంది, మోతా ఉంది. మామిడికి ఇండెక్స్ 50 పై చిలుకే. అది చూసి ధైర్యంగా రెండు కాయలు తింటే ఆ ధైర్యం పనికిరాదు. జామకాయ అన్నిటికన్నా మంచిది, పీచు బోలెడు.

వనస్థలి_వాసు
నాదొక సందేహం, నవ్వకండి. చిన్నరసం మామిడిని మెత్తగా పిసికి, మూతి కొరికి, పీల్చుకుని తాగుతాం కదా. అది పండా, జ్యూసా?

పాలమూరు_బిడ్డ
అన్నా, ఈ ప్రశ్నకి సమాధానం చెప్పినోళ్లకి ఒక పెట్టె రసాలు ఇయ్యాలె.

కూకట్‌పల్లి_కోడలు
మా తాతగారైతే అది ప్రసాదం అనేవారు.

డైట్_గది
నవ్వాను, కానీ మంచి ప్రశ్న. రసం మామిడిలో పీచు మనతో పాటే లోపలికి వెళ్తుంది, పళ్ల సందుల్లో ఇరుక్కునేదంతా అదే. వడకట్టిన జ్యూస్ లాంటిది కాదు. కాకపోతే పీల్చేటప్పుడు నమలం, వేగంగా దిగుతుంది. ఒకటి తిన్నామా రెండా అన్న లెక్క తప్పుతుంది. ఒక్క చిన్నరసం సరిపెట్టుకోండి, సాయంత్రం విడిగా. మన ఇళ్లలో అసలు తప్పు మరోటి. కడుపు నిండా పప్పన్నం, పైన పెరుగన్నం, ఆ పెరుగన్నంలో బంగినపల్లి ముక్కలు. మామిడి తినాలనిపించిన రోజు పెరుగన్నంలో అన్నం సగం తీసేయండి. మామిడి మానమని నేను ఎవరికీ చెప్పను, చెప్పినా వినరు, దొంగతనంగా తింటారు. అది ఇంకా ప్రమాదం.

పెన్ను_సూది_22
ఇంతవరకు అందరూ జ్యూస్ ఎందుకు వద్దో రాశారు. నాకు జ్యూస్ ఎందుకు కావాలో రాస్తాను. దయచేసి చదవండి, ముఖ్యంగా రామంతాపూర్ అమ్మాయి.

నాది టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం షుగర్. 22 ఏళ్లుగా ఇన్సులిన్. నా బ్యాగులో ఎప్పుడూ చిన్న జ్యూస్ డబ్బా ఉంటుంది. కిందటేడు మెట్రోలో, అమీర్‌పేట దాటాక, చెమటలు పట్టి చేతి వేళ్లు నావి కానట్టు అయిపోయాయి. ఎదురుగా స్టేషన్ పేరు చదవబోతే అక్షరాలు కూడుకోవడం లేదు. డబ్బాకి గొట్టం గుచ్చడానికి మూడుసార్లు ప్రయత్నించాను. పక్కనున్న కాలేజీ పిల్ల లాక్కుని తనే గుచ్చి ఇచ్చింది. ఆ పిల్ల పేరు కూడా అడగలేదు నేను, ఇప్పటికీ బాధే. సగానికి పైగా తాగాను. పదిహేను నిమిషాల్లో మనిషినయ్యాను.

షుగర్ 70 కన్నా తగ్గితే 15 గ్రాముల వేగంగా ఎక్కే చక్కెర తీసుకోవాలి. అంటే 120 మి.లీ. జ్యూస్, లేదా మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ వేగం వల్ల జ్యూస్ చెడ్డదైందో ఆ వేగమే నన్ను బతికించింది.

ఇక అమ్మాయి గారూ, నన్ను కంగారు పెట్టిన విషయం. నాన్నగారికి గ్లిమిపిరైడ్ 2కి పెంచారు. జ్యూస్ తాగుతున్న షుగర్‌ని చూసి పెంచారు. ఇప్పుడు జ్యూస్ ఒక్కసారిగా మానేస్తే, ఆ 2 మి.గ్రా. మాత్ర దేనిమీద పనిచేస్తుంది? అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని ఊరిస్తూనే ఉంటుంది. షుగర్ "లో" అయ్యే, అంటే మరీ తగ్గిపోయే ప్రమాదం ఉంది. మానిపించే ముందే డాక్టరుకి జ్యూస్ సంగతి చెప్పండి. ఫ్రిజ్‌లో ఒక చిన్న డబ్బా పెట్టుకోండి.

మాత్రల_కొట్టు
22 గారు చెప్పింది నూటికి నూరు నిజం. మందుల షాపులో ఉన్నాను కాబట్టి ఒకటి కలుపుతాను. కొందరికి ఓగ్లిబోస్, ఎకార్బోజ్ అనే మాత్రలు ఉంటాయి, అన్నంతో పాటు మొదటి ముద్దకి వేసుకునేవి. అవి చక్కెరని పేగులో విడగొట్టనివ్వవు. వాళ్లకి లో అయితే మామూలు చక్కెర, చాక్లెట్ ఆలస్యంగా పనిచేస్తాయి. గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. ఇంట్లో ఒక ప్యాకెట్ ఉంచుకోండి.

కూకట్‌పల్లి_కోడలు
మా మామగారికి ఓగ్లిబోస్ ఉంది! ఇన్నాళ్లూ పంచదార డబ్బా చూపించి ధైర్యంగా ఉన్నాం. ఇవాళే తెస్తాను.

రామంతాపూర్_అమ్మాయి
డాక్టరు గారు ఊళ్లో లేరు, సోమవారం వస్తారట. ఈలోపు నాన్నే పరీక్ష పెట్టుకున్నాడు.

మొదటి రోజు: లేవగానే, చేతులు సబ్బుతో కడిగి, 142. మామూలుగా బండి దగ్గర పెద్ద గ్లాసు. ఇంటికొచ్చి మళ్లీ కడిగి, గంటకి 268.
రెండో రోజు: లేవగానే 138. ఒక బత్తాయి, నల్గొండ తోట గారు చెప్పినట్టు తొనలుగా, నములుతూ, నాలుగు పల్లీలతో. గంటకి 176.

అంటే ఆ 311లో కొంత చేతి రసానిదే. మిగతాది గ్లాసుదే.

వనస్థలి_వాసు
పోలిక సరికాదేమో. గ్లాసులో నాలుగు కాయలు, రెండో రోజు ఒకటే కాయ. నాలుగు కాయలూ తొనలుగా తింటే ఎంతొస్తుందో చూడాలి కదా.

రామంతాపూర్_అమ్మాయి
నాన్నా సరిగ్గా ఇదే అన్నాడండీ! "నాలుగూ తిని చూస్తా" అని మూడో రోజు ప్లేటు ముందు కూర్చున్నాడు. తొక్క చెక్కడానికే పావుగంట. మొదటిది బాగానే తిన్నాడు. రెండోదాని సగంలో ఆగి దవడ పట్టుకున్నాడు. ప్లేటులో మిగిలిన రెండున్నర కాయల్ని చూస్తూ "ఇవన్నీ నేను రోజూ రెండు నిమిషాల్లో తాగేస్తున్నానా" అన్నాడు. నేనేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. మిగిలినవి పిల్లాడు, నేను తిన్నాం.

డైట్_గది
వాసు గారి ప్రశ్నకి నాన్నగారి దవడే జవాబు చెప్పింది. దీన్ని మా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ చెబుతాను, అనుమతిస్తే.

నల్గొండ_తోట
నేను ముందే చెప్పిన గదా!

అల్వాల్_అరుణ
జ్యూస్ మానేసి కొబ్బరినీళ్లు తాగమని చాలామంది చెబుతారు. చక్కెర తక్కువే, ఒప్పుకుంటాను. కానీ షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఆగండి. మా అమ్మకి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.8 ఉండగా, ఎండలకి నీరసమని రోజూ రెండు బోండాలు ఇచ్చాం. పొటాషియం పెరిగిపోయి ఐసీయూలో మూడు రోజులు. కొబ్బరినీళ్లలో, బత్తాయి రసంలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. ఆ సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు. అమ్మ ఇప్పుడు బాగుంది. కిడ్నీ రిపోర్టు చూడకుండా ఎవరికీ ఏ రసమూ చెప్పకండి.

పాలమూరు_బిడ్డ
పార్కు కాడ కాకర రసం, సొర రసం గూడ అమ్ముతున్రు కదా, అవి?

డైట్_గది
కాకర రసం మాత్రలకి బదులు కాదు. మాత్రలతో కలిస్తే కొందరికి షుగర్ దిగిపోవచ్చు, చూసుకోవాలి. సొర రసం గురించి గట్టిగా చెబుతాను: చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా మింగకండి, ఉమ్మేయండి. చేదు సొరకాయ విషం. రక్తపు వాంతులు, ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల బృందం కూడా హెచ్చరించింది. "చేదుగా ఉంటే మందు" అనే మన నమ్మకం ఇక్కడ చంపుతుంది. బండి దగ్గర అల్లం, నిమ్మ కలిపేస్తే ఆ చేదు తెలియదు కూడా.

రామంతాపూర్_అమ్మాయి
ఇది రాస్తుంటే చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఇవాళ శనివారం. జ్యూస్ మానేసి ఐదో రోజు. నాన్న రెండు ఇడ్లీలు తిని, మాత్ర వేసుకుని, పెన్షన్ పని మీద బ్యాంకుకి వెళ్లాడు. ఎండలో క్యూ. పన్నెండింటికి వచ్చి చెప్పులు విప్పకుండానే సోఫాలో కూలబడ్డాడు. చొక్కా వీపంతా తడి. ఎండ అనుకున్నాను. మంచినీళ్లు ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు, నన్ను మా అత్త పేరుతో పిలిచాడు. అప్పుడు గుర్తొచ్చింది 22 గారి పోస్టు. చెయ్యి కడిగించి గుచ్చితే 58.

ఫ్రిజ్‌లో డబ్బా ఉంది. మీరు చెప్పారని పెట్టాను. గొట్టం నేనే గుచ్చి నోటికి అందించాను. 120 దాకా తాగించి గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆ పదిహేను నిమిషాలు ఎంత పొడుగో. 84 వచ్చింది. తర్వాత కొంచెం పెరుగన్నం పెట్టాను. డాక్టరు గారు ఫోన్‌లో దొరికారు, అంతా చెప్పాను. మాత్ర మళ్లీ 1కి తగ్గించమన్నారు, వారం రోజులు నాలుగు పూటలా అంకెలు రాసి తెమ్మన్నారు. "జ్యూస్ సంగతి మొదటే చెప్పి ఉంటే పెంచేవాణ్ణే కాదు" అన్నారు.

22 గారూ, మీరెవరో నాకు తెలియదు. మా నాన్న కూడా మీ పేరు అడగమన్నాడు.

పెన్ను_సూది_22
నాన్నగారు బాగున్నారు, చాలమ్మా. ఈ రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి చూడండి. గ్లిమిపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది, మళ్లీ దిగొచ్చు. వాడేసిన డబ్బా స్థానంలో ఇవాళే కొత్తది పెట్టండి.

మెహదీపట్నం_భాయ్
అల్లా దయ. అబ్బాజాన్‌ని ఒంటరిగా బయటికి పంపేటప్పుడు జేబులో గ్లూకోజ్ పొట్లం, షుగర్ ఉందని రాసిన చీటీ పెట్టండి.

ప్రకృతి_బాట
నాలుగు రోజులుగా ఇది చదువుతూ ఉన్నాను. నిన్న యాపిల్ జ్యూస్ తాగిన గంటకి చూసుకున్నాను. 214. చేతులు కడిగే చూశాను. పండ్ల మీద నా నమ్మకం పోలేదు, పోదు. కానీ మాత్రల విషయం డాక్టరుని అడుగుతాను. మిక్సీలో పిప్పితో సహా వేసుకుంటే పర్లేదా?

డైట్_గది
వడకట్టిన దానికన్నా నయం, పీచు ఉంటుంది. అయినా రెండు పండ్లు ఒక్క గుక్కలో పోతాయి. మీకు పళ్లు బాగున్నాయి కదండీ, యాపిల్ కొరికి తినండి. గంటకి చూసి ఆ అంకె కూడా ఇక్కడ రాయండి.

రామంతాపూర్_అమ్మాయి
రాత్రి 131, మూడింటికి 118, పొద్దున 126. నాన్న వాకింగ్‌కి వెళ్లొచ్చాడు, నేనూ వెంట వెళ్లాను. బండి అతను అలవాటుగా నాలుగు కాయలు తీశాడు. నాన్న మూడు వెనక్కి పెట్టి "ఒకటి చెక్కి తొనలు చేసి ఇవ్వు, పొర తీయకు" అన్నాడు. అతను అయోమయంగా చూసి, చెక్కి, కాగితంలో పెట్టి ఇచ్చాడు. నాన్న బల్ల మీద కూర్చుని తింటుంటే పక్కన వాకింగ్ స్నేహితులు ముగ్గురు గ్లాసులతో ఉన్నారు. వాళ్లలో ఇద్దరికి షుగర్. నాన్న వాళ్లకి దవడ కథ మొదలుపెట్టాడు. నేను లేచి వచ్చేశాను, అది అరగంట సాగుతుంది.

చెరకు రసం మానడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. సాయంత్రం దారి మార్చుకున్నారు తాతా మనవలు. మళ్లీ మూడు నెలల పరీక్ష ఆగస్టులో. అంకె ఏదైనా ఇక్కడే రాస్తాను.

నల్గొండ_తోట
ఆగస్టుకి మా కాత దిగుతది. అడ్రసు పెట్టు చెల్లె, నాయినకి ఒక సంచి పంపుత. దినానికి ఒక్కటే, నమిలి తినాలె.